అరటిపండ్లకు రెడీ, సంతకానికి సారీ

నాయకుడి పుట్టినరోజు వచ్చిందంటే ఊరి చివరి వికలాంగుల ఆశ్రమంలో పిల్లలకు తెల్లవారుజామునే స్నానాలు. పిల్లలంటే నిజంగా పిల్లలు కారు. వాళ్లలో ముప్ఫయ్యేళ్లవాడుంటాడు, నలభై అయిదేళ్లావిడ ఉంటుంది. బుద్ధి ఎదగలేదు కాబట్టి మన లెక్కలో వాళ్లు చచ్చేదాకా పిల్లలే. ఎనిమిదింటికల్లా వరసగా కూర్చోబెడతారు. పదకొండున్నరకు నాలుగు కార్లు వస్తాయి. ముందు ఫ్లెక్సీ దిగుతుంది, ఆ తర్వాత అన్న దిగుతాడు. మనిషికో అరటిపండు, ఓ బ్రెడ్డు ప్యాకెట్టు. వేళ్లు వంకరపోయి పట్టుకోలేనివాడి అరచేతిలో పండు పెట్టి, అది జారకుండా ఒక అనుచరుడు కిందనుంచి చెయ్యి ఆనిస్తాడు. "అన్నా, ఇటు చూడన్నా!" క్లిక్. ఫొటోలో ఇరవై మంది, పండు మాత్రం ఒకటే. మర్నాడు జిల్లా పేజీలో అన్న సేవామూర్తి.

సరిగ్గా అప్పుడే ఆశ్రమం నడిపే మేడమ్ నోరు జారుతుంది. "అన్నా, ఈ అబ్బాయికి అమ్మానాన్నా ఇద్దరూ పోయారు. వాళ్ల నాన్న వేసిన డిపాజిట్టు బ్యాంకులో ఇరుక్కుపోయింది. గార్డియన్‌గా నిలబడే మనిషి కావాలి. డబ్బేమీ పెట్టక్కర్లేదు. మీ కుర్రాళ్లలో ఎవరైనా..."

ధన్, ధన్, ధన్, ధన్. నాలుగు కార్ల తలుపులు. "అన్నకి ఇంకో ప్రోగ్రాం ఉందమ్మా."

ఇదండీ మన సేవాభావం. పండు ఇస్తాం, దుప్పటి ఇస్తాం, గ్రూపు కలిస్తే రక్తం కూడా ఇస్తాం. సంతకం మాత్రం అడక్కండి. పండుకు లెక్క చెప్పే పని లేదు. సంతకానికి ఏటా లెక్క చెప్పాలి. పండు ఇచ్చినవాడికి దండ పడుతుంది, సంతకం పెట్టినవాడికి ఫైలు పడుతుంది. మరి మనమేమన్నా తెలివితక్కువవాళ్లమా?

జీతం లేకుండా ఇలా ఒకరికోసం నిలబడేవాణ్ణి వాలంటీర్ అనాలి. కానీ వాలంటీర్ అనగానే ఆంధ్రావాళ్లకు వేరే సినిమా గుర్తొస్తుంది. 2019 ఆగస్టు 15న ఒక ప్రభుత్వం యాభై ఇళ్లకొక వాలంటీరును పెట్టింది. నెలకు ఐదు వేలు. ఆయన పింఛను తెచ్చాడు, సర్వే చేశాడు. ఓటరు నాడి కూడా పట్టాడని ఎదుటి పార్టీ గోల. 2024 ఉగాదికి ఆ ఎదుటి పార్టీయే "మేమొస్తే పదివేలు" అంది. వచ్చింది. పదివేలూ లేవు, ఐదువేలూ లేవు, అసలు వాలంటీరే లేడు. సరే, అది వాళ్ల పంచాయితీ. నా ప్రశ్న వేరు. గడప గడపా తొక్కిన అంత పెద్ద సైన్యానికి, "ఈ ఇంట్లో మంచంలో ఉన్న మనిషి తరఫున ఎవరు మాట్లాడుతున్నారు? ఆ మాట్లాడే మనిషికి చట్టప్రకారం హక్కుందా?" అని ఒక్క ప్రశ్న రాసుకురమ్మని చెప్పాలని ఆ పార్టీకి తట్టిందా? ఈ పార్టీకి తట్టిందా? సర్వేలో ఫ్రిజ్ ఉందా అని అడిగారు. బైకు ఉందా అని అడిగారు.

ఇంతకీ ఏమిటీ గార్డియన్ గొడవ? పిల్లాడు మైనరైతే తండ్రి సంతకం చాలు. తల్లిదండ్రులు లేకపోతే 1890 నాటి చట్టం ఒకటుంది, కోర్టు ఒకర్ని నియమిస్తుంది. బాగానే ఉంది. కానీ పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడు పద్దెనిమిదో ఏట కూడా అన్నం తనంతట తాను కలుపుకోలేడు. చట్టానికి అది పట్టదు. పద్దెనిమిదో పుట్టినరోజు రాగానే వాడు మేజరు. నిన్నటిదాకా ముక్కు తుడిచి, మందు మింగించి, ఫీజులు కట్టిన తండ్రి ఈ పొద్దుటినుంచి మూడో మనిషి. వాడి ఖాతా మీద ఈయనకు హక్కు లేదు. వాడి పేరున ఉన్న స్థలం మీద మాట లేదు.

కావాలంటే బ్యాంకుకు వెళ్లి చూడండి. మూడు మెట్లు, ర్యాంపు లేదు. వీల్‌చెయిరును తండ్రీ, సెక్యూరిటీ గార్డూ కలిసి ఎత్తుతారు. కౌంటర్లో ఉన్నాయన ఆ కుర్రాడికేసి చూడడు, తండ్రికేసి చూసి అడుగుతాడు: "ఈయన సంతకం పెడతారాండీ?"

"పెట్టలేడు సార్."

"పోనీ, వేలిముద్ర?"

"పిడికిలి బిగుసుకుపోయి ఉంటుంది సార్. బొటనవేలు తెరుచుకోదు."

"మరెట్లాగండీ? ఖాతాదారు ఆయన కదా."

"గార్డియన్ సర్టిఫికెట్ ఉంది సార్." తండ్రి ప్లాస్టిక్ కవర్లోంచి జాగ్రత్తగా తీస్తాడు.

కౌంటర్ ఆయన అటూ ఇటూ తిప్పుతాడు. "ఇది కలెక్టరాఫీసుదండీ. కోర్టుది కావాలి. మా లీగల్ వాళ్లకు పంపుతాను. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు."

ఆ సర్టిఫికెట్టును ఒప్పుకోవాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సర్క్యులర్ పంపింది 2007 నవంబరులో. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఓటర్లు. సర్క్యులర్ మాత్రం కౌంటరు దాకా ఇంకా నడిచి రాలేదు. దేవుడు వరమిచ్చాడు. పూజారి లీగల్ ఒపీనియన్‌కు పంపాడు. అదే బ్రాంచిలో, అదే వీల్‌చెయిర్ పక్కన, గోడమీద పోస్టరు: "మీ సేవలో మేము, మీ ముంగిట్లో మేము."

మన ప్రభుత్వాలు చట్టాలు చేయలేదని నేననను. చేశాయి. చక్కగా చేశాయి. చట్టాలు రాయడంలో మనవాళ్లను కొట్టేవాళ్లు లేరు. 1999 డిసెంబరు 30న నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం. కేంద్రం ఒకేసారి వంద కోట్ల మూలనిధి ఇస్తుందని రాసుకున్నారు. కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేకుండా గార్డియన్‌ను నియమించి ఆ సర్టిఫికెట్టు ఇచ్చేందుకు ప్రతి జిల్లాలో ఒక స్థానిక కమిటీ. అందులో కలెక్టరు స్థాయి అధికారి ఒకరు, ఒక రిజిస్టర్డు సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. మొత్తం ముగ్గురే, మూడు కుర్చీలు చాలు. మూడు నెలలకు ఒకసారైనా ఆ కమిటీ కూర్చోవాలని చట్టంలోనే ఉంది.

మీ జిల్లా కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో మీకు తెలుసా? అసలు మీ జిల్లాకు కమిటీ ఉందని తెలుసా? పోనీ, మీ ఎమ్మెల్యేకు తెలుసా? కలెక్టరుగారిని అడగకండి పాపం. ఆయన ఎన్ని కమిటీలకు అధ్యక్షుడో ఆయనకే గుర్తుండదు. ఇసుక కమిటీ ఆయనదే, రోడ్డు భద్రత ఆయనదే, పుష్కరాలూ ఆయనవే. వీటన్నిటికీ నొక్కేవాళ్లున్నారు. ఇసుకకు కాంట్రాక్టరున్నాడు. పుష్కరాలకు భక్తులున్నారు, మంత్రులున్నారు, టీవీలున్నాయి. మాట రానివాడి ఫైలుకు ఎవరున్నారు? వాడు ధర్నా చేస్తాడా? కలెక్టరేట్ గేటు ముందు పెట్రోలు సీసా పట్టుకుంటాడా?

ఈలోగా తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రలో 13 జిల్లాలు 2022 ఏప్రిల్లో 26 అయ్యాయి. కొత్త జిల్లాకు కొత్త కలెక్టరేటు, కొత్త బోర్డు, కొత్త కారు వెంటనే వచ్చాయి. ముగ్గురు కూర్చునే ఈ కమిటీ కూడా అంతే వేగంగా వచ్చిందా? జిల్లా మారితే ఆ తండ్రి ప్లాస్టిక్ కవరు ఏ కలెక్టరేటు మెట్లెక్కాలో ఎవరైనా చెప్పారా?

చట్టంలో ఒక ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తల్లిదండ్రులో బంధువులో ఫలానావాళ్లను గార్డియన్‌గా పెట్టమని కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. రిజిస్టర్డు సంస్థ కూడా చేయవచ్చు. కానీ సంస్థ దరఖాస్తు చేస్తే, ఆ మనిషి గార్డియన్ అంగీకారం కూడా ఉండాలట! గార్డియన్ లేడనే కదరా దరఖాస్తు పెట్టింది? దిక్కులేనివాళ్ల విషయంలో కమిటీయే ఒక సంస్థను పురమాయించే వీలుందంటారు. సరే, ఉందనే అనుకుందాం. పురమాయించాలంటే ముందు కూర్చోవాలిగా?

ఇక గార్డియన్ అయినవాడి బాధ్యతలు. నియమించిన ఆరు నెలల్లో ఆ మనిషికున్న ఆస్తులు, అప్పులు, రావాల్సినవి, పోవాల్సినవి జాబితా రాసి కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు జమాఖర్చు చూపించాలి. అజాగ్రత్తగా చూస్తే, ఆస్తి మింగితే కమిటీ తీసేయవచ్చు. ఈ నిబంధనలు తప్పని నేను ఎప్పటికీ అనను. నోరు లేనివాడి డబ్బుకు లెక్క అడగకపోతే ఇంకెవరి డబ్బుకు అడుగుతారు? నా కడుపుమంట అంతా ఒక్కటే. లెక్క ఎవర్ని అడుగుతున్నారు? పద్ధతిగా వచ్చి, దరఖాస్తు పెట్టి, పేరు రాయించుకున్న అమాయకుణ్ణి. ఏ కాగితమూ లేకుండా ఆస్తి చప్పరించేవాణ్ణి ఎవరడుగుతున్నారు?

ఆ రెండో రకంవాళ్లకు మన దగ్గర కరువే లేదు. మనిషి ఒక్కడే మిగిలితే గార్డియన్ దొరకడు. మనిషితోపాటు రెండెకరాలు మిగిలితే వరసపెట్టి దిగుతారు. పదేళ్లుగా ఫోన్ చేయని మేనల్లుడికి హఠాత్తుగా మావయ్య గుర్తొస్తాడు. "మా పెదనాన్నండీ, నన్ను ఎత్తుకు తిప్పాడండీ" అంటూ అన్న కొడుకు ఆస్పత్రికి వస్తాడు. చేతిలో ఆపిల్ పండ్ల సంచి. సంచి అడుగున ఇంకు ప్యాడ్. నర్సు డ్యూటీ మారే వేళ చూసి వేలు ఒత్తిస్తారు. ఆ ఒత్తిన వేలికి నీలం మరక రెండు రోజులుంటుంది. రౌండ్సుకు వచ్చిన డాక్టరు చూస్తాడు, చూడనట్టు ముందుకు పోతాడు. ఆయనకెందుకు కోర్టు గొడవ?

ఇంకా మర్యాదస్తులైతే రిజిస్ట్రేషనే ఇంటికి తెప్పిస్తారు. ప్రైవేట్ అటెండెన్స్. మంచం దిగలేని మనిషి ఉంటే, ఫీజు కడితే, సబ్ రిజిస్ట్రారే ఇంటికి వస్తాడు. మంచి సదుపాయమే. కాదనను. కానీ ఒక్క ముక్క ఆలోచించండి. ఆస్తి చేతులు మారాలంటే ప్రభుత్వం మంచం దాకా నడిచొస్తుంది. అదే మనిషికి గార్డియన్ కావాలంటే ఆ మంచాన్ని కలెక్టరేటుకు మోసుకెళ్లాలి! పైగా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో స్పష్టంగా ఉంది: రాసిచ్చే మనిషి మతిస్థిమితం లేనివాడిగా కనపడితే సబ్ రిజిస్ట్రారు రిజిస్ట్రేషను నిరాకరించాల్సిందే. "ఏమ్మా, మీ ఇష్టప్రకారమే రాసిచ్చారా?" అని అడుగుతారు. మంచంలోని ఆవిడ కప్పుకేసి చూస్తుంది. పక్కనుంచి మేనల్లుడు, "ఊఁ అంటోందండీ" అంటాడు. ఆమెకు ఈరోజు ఏ వారమో తెలియదు. కానీ సర్వే నంబరు తెలుసట. దానపత్రంలో నాలుగు హద్దులూ ఆవిడే చెప్పిందట!

పింఛను సంగతి కూడా చెప్పుకోవాలి. ఆంధ్రలో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 2024లో నెలకు 15 వేలు చేశారు. చాలా మంచి పని. చప్పట్లు కొడదాం. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. ఆ పదిహేను వేలలో ఆ మనిషికి ఎన్ని డైపర్లు వచ్చాయి, ఎన్ని ఫిజియోథెరపీలు జరిగాయి, కొడుకు బైకుకు ఈఎంఐ ఎంత పోయింది? ఎవరు చూస్తున్నారు? పింఛను ఇచ్చిన సెల్ఫీ యాప్‌లో ఎక్కుతుంది. ఖర్చయిన లెక్క ఏ యాప్‌లోనూ ఎక్కదు. మిగతావాళ్లకు వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్టు మళ్లీ మళ్లీ తనిఖీ. కాలు లేనివాడికి కాలు మళ్లీ మొలిచిందేమోనని అనుమానం. వాడి డబ్బు తింటున్న బంధువు మీద మాత్రం ఒక్క అనుమానం రాదు. రక్తసంబంధం కదా!

నేషనల్ ట్రస్ట్ చట్టమైనా ఆ నాలుగు రకాలవాళ్లకే. మిగతావాళ్లు? స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు? డిమెన్షియా వచ్చినవాళ్లు? యాక్సిడెంటయి కోమాలో ఉన్నవాళ్లు? దేశంలో అరవై దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నవాళ్లు 88 లక్షలమంది ఉంటారని అంచనా. అంటే పాత ఉమ్మడి జిల్లాల్లో రెండింటి జనాభా అంత. వీళ్లకు ఏ కమిటీ? ఏ ఫారం?

ఇదివరకు 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఉండేది. మానసిక రోగి ఆస్తి చూసుకోవడానికి జిల్లా కోర్టు ఒకర్ని నియమించే ఏర్పాటు అందులో ఉండేది. 2017లో కొత్త చట్టం చేసి, 2018 మే 29 నుంచి అమల్లో పెట్టి, పాతది కొట్టేశారు. కొత్తది చాలా విషయాల్లో గొప్పది. రోగికి హక్కులిచ్చింది. వైద్యం విషయంలో తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తనే ఎంచుకోవచ్చంది. మరి వాడి ఇల్లు? వాడి బ్యాంకు ఖాతా? వాడి పొలం కౌలు? దాని ఊసే లేదు. పాత ఇల్లు పడగొట్టారు. కొత్త ఇంట్లో ఆ గది కట్టడం మరిచిపోయారు. కోమాలో ఉన్న భర్త ఖాతాలోంచి ఆస్పత్రి బిల్లుకు డబ్బు తియ్యాలంటే భార్య హైకోర్టులో రిట్ వేయాలి. చట్టం లేదు కాబట్టి 2019లో కేరళ హైకోర్టే కూర్చుని మార్గదర్శకాలు రాసింది. ఎంపీలు ఏం చేస్తున్నట్టు? పార్లమెంటులో మైకులు విరుస్తున్నారు.

"మా అమ్మ చేత జీపీఏ, అదే జనరల్ పవరాఫ్ అటార్నీ, రాయించామండీ, మాకేం భయం లేదు" అంటారు డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ పిల్లలు. బాబూ, ఒకమాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతి తప్పితే ఆ అధికారం అక్కడితో రద్దు. అమ్మకు మతి బాగున్నన్నాళ్లూ ఆ కాగితం అక్కర్లేదు. మతి పోయి అక్కరొచ్చిన రోజున ఆ కాగితం చెల్లదు. మీరుండే అమెరికాలో మతి తప్పాక కూడా చెల్లే పవరాఫ్ అటార్నీ రాసుకోవచ్చు. మీరు రాసుకునే ఉంటారు, అక్కడి లాయరు వదలడు. అమ్మకు మాత్రం గుంటూరులో స్టాంపు వెండరు రాసిచ్చిన పాత నమూనా. ఆ చచ్చిన కాగితం చూపించి ప్లాటు అమ్మేస్తారు, కొన్నవాడు కొనేస్తాడు, రిజిస్ట్రారు చేసేస్తాడు. అమ్మకేమైనా తెలుస్తుందా? వాట్సాప్ గ్రూపులో "మామ్ కేర్" అని పేరు పెట్టుకుని, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో ఆరు టైమ్‌జోన్ల మీద కొట్టుకుంటారు. పక్కింటి రిటైర్డ్ మాస్టారు రోజూ పొద్దున్నే వెళ్లి ఆవిడ గ్యాస్ కట్టేసిందా లేదా చూసొస్తాడు. ఆయన్ని ఎవరైనా గార్డియన్ అన్నారా? ఆయన ఇంట్లోకి ఎందుకొస్తున్నాడో కనుక్కోమని సీసీ కెమెరా పెట్టించారు!

పోనీ ఎవరూ లేకపోతే ప్రభుత్వమే తల్లీ తండ్రీ అంటారు. ఆ తల్లి పెంపకం చూద్దామా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా పక్కన నడుస్తున్న ఒక మానసిక రోగుల ఆశ్రమం తగలబడింది. రోగుల్ని గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది కట్టినవాళ్లు కట్టినట్టే కాలిపోయారు. ఆ తర్వాత లైసెన్సులు వెతికారు. చండీగఢ్‌లో బుద్ధిమాంద్యం ఉన్న అనాథ యువతి ప్రభుత్వ సంరక్షణాలయంలోనే అత్యాచారానికి గురైంది. ప్రభుత్వ కాపలాలో ఉండగానే. గర్భం వచ్చింది. అప్పుడు ప్రభుత్వానికి హఠాత్తుగా సంరక్షణ బాధ్యత గుర్తొచ్చింది. గర్భం తీసేయడానికి అనుమతివ్వమని హైకోర్టుకు వెళ్లింది. ఆమెను అడిగితే బిడ్డ కావాలంది. అయినా తీసేయమనే ఉత్తర్వు వచ్చింది. 2009లో సుప్రీంకోర్టు అడ్డుకుంది. ఆమె ఇష్టం లేకుండా చేయడానికి వీల్లేదంది. ఆ అమ్మాయి తలుపుకు గొళ్లెం పెట్టించడం చేతకాని ప్రభుత్వం, ఆమె కడుపు మీద నిర్ణయం మాత్రం తనదే అంది. ఈ దేశంలో గార్డియన్‌గిరీ అంటే ఇదే. కాపాడాల్సినప్పుడు ఉండదు, కాపాడటం తప్పాక అధికారం చూపిస్తుంది.

మరి నిజంగా నిలబడ్డవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లెవరికీ ఫ్లెక్సీలు కట్టరు. ముంబై కేఈఎం ఆస్పత్రిలో నర్సు అరుణా షాన్‌బాగ్‌పై 1973 నవంబరు 27న అదే ఆస్పత్రి వార్డుబాయ్ గొలుసుతో మెడ బిగించి దాడి చేశాడు. ఆమె మళ్లీ లేవలేదు. 2015 మే 18న చనిపోయేదాకా దాదాపు నలభై రెండేళ్లు ఆ ఆస్పత్రి నర్సులే చూశారు. ఒక తరం రిటైరైతే ఇంకో తరం. అన్నం మెత్తగా చేసి పెట్టారు, ఒళ్లు పుండ్లు పడనివ్వలేదు. మంచం ఖాళీ చేయించాలని చూసినప్పుడు అడ్డం తిరిగారు. 2011లో ఆమె కారుణ్య మరణం కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు, ఆమె తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. నర్సులూ ఆస్పత్రి సిబ్బందే అంది కోర్టు. ముప్ఫై ఏడేళ్ల సేవ తర్వాత దక్కిన కాగితం అది. అలవెన్సు లేదు, ట్రైనింగు లేదు, పథకం పేరు లేదు. ముఖ్యమంత్రి ఫొటో ఉన్న కిట్టు కూడా లేదు!

ఇప్పుడు ఎవరైనా పిచ్చి పట్టి ఈ పనికి ముందుకొస్తామన్నా, ప్రభుత్వం ఇచ్చే ప్రకటన ఇలా ఉంటుంది. "కావలెను: గార్డియన్. జీతం లేదు. ఖర్చులు లేవు. శిక్షణ లేదు. సందేహం వస్తే అడగడానికి ఆఫీసు లేదు. బ్యాంకు మిమ్మల్ని నమ్మదు. బంధువులు మిమ్మల్ని దొంగ అంటారు. మీకు జ్వరమొస్తే ప్రత్యామ్నాయం లేదు, మీరు పోతే అసలే లేదు. ఏటా లెక్కలు ఇవ్వవలెను. తీసుకునేవారు సీట్లో లేకపోయినచో మళ్లీ రావలెను. సేవాదృక్పథం గలవారు మాత్రమే దరఖాస్తు చేసుకొనగలరు." వరస కట్టరూ మరి!

జర్మనీలో 1992 నుంచి దీనికి వేరే ఏర్పాటుంది. మేజర్ల గార్డియన్‌షిప్ పాత పద్ధతి తీసేసి, ఏ విషయంలో సాయం కావాలో ఆ విషయం వరకే ఒకర్ని కోర్టు నియమిస్తుంది. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లకు ఏడాదికి ఖర్చుల కింద ఇంతని ఇస్తారు. వాళ్లకు నేర్పే సంఘాలున్నాయి. లెక్క అక్కడా అడుగుతారు. కానీ లెక్క ఎలా రాయాలో చెప్పి అడుగుతారు. మనవాళ్లు జర్మనీ వెళ్తారు కదా స్టడీ టూర్లకు? అక్కడ మెట్రో చూసొస్తారు. మెట్రోకు టెండరుంటుంది.

అలాగని గార్డియన్ దొరికితే చాలు, అన్నీ తీరినట్టేనా? అదీ కాదు. అమెరికాలో బ్రిట్నీ స్పియర్స్ కథ చూశాం. కోట్లమంది అభిమానులున్న పాటగత్తె. 2008 నుంచి 2021 దాకా పదమూడేళ్లు ఆమె డబ్బూ బతుకూ తండ్రి గుప్పిట్లో. స్టేజీ మీద ఆడటానికి ఆరోగ్యం బాగుందట, సంపాదించింది ఖర్చు పెట్టుకోవడానికి మాత్రం బాగోలేదట! అంత పేరున్న మనిషికే పదమూడేళ్లు పడితే, మన చిలకలూరిపేట వెనక సందులో తలుపు గడియ పెట్టిన గదిలో ఉన్నవాడికి ఎన్నేళ్లు పట్టాలి?

అందుకే 2016 వికలాంగుల హక్కుల చట్టం పెద్ద మాట చెప్పింది. మనిషి తరఫున అన్నీ నువ్వే నిర్ణయించకు, మనిషితో కలిసి నిర్ణయించు అంది. పరిమిత కాలానికి, ఫలానా నిర్ణయానికి, పరస్పర నమ్మకంతో, ఆ మనిషి ఇష్టప్రకారం. చదువుతుంటే కళ్లు చెమర్చేంత బాగుంది. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా, ఏ ఆశ్రమంలోనైనా వెళ్లి చూడండి. ఆ మనిషిని "నీకేం కావాలి?" అని అడిగేవాడు ఎక్కడున్నాడు? అడిగినా జవాబు వినే ఓపిక ఎవరికుంది? సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాడు ఒక్క వాక్యం చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. మొదటి మాట సగంలో ఉండగానే మనం, "ఆఁ, నీళ్లు కావాలంటున్నాడు, ఇవ్వండి" అంటాం. వాడు అడిగింది నీళ్లు కాదు. ఫ్యాను కట్టేయమన్నాడు. నీళ్లు తాగుతూ చలికి వణుకుతాడు. గార్డియన్ సర్టిఫికెట్టు ఉన్న గదిలోనే ఇది జరుగుతుంది.

సరే, తిట్టుకున్నాం. తిట్టడం ఫ్రీ. పది రూపాయలు ఖర్చు పెట్టే ఉద్దేశముంటే ఒక పని చేయండి. తెల్ల కాగితం తీసుకుని మీ జిల్లా కలెక్టరేట్ పౌర సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు రాయండి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద మన జిల్లా స్థానిక కమిటీ సభ్యులు ముగ్గురి పేర్లేమిటి? గత ఐదేళ్లలో ఏ తేదీల్లో సమావేశమయ్యారు, మినిట్స్ నకళ్లు ఇవ్వండి. గార్డియన్ దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని పెండింగు? ఏటా లెక్కలు ఇవ్వాల్సిన గార్డియన్లలో ఎందరిచ్చారు, ఇవ్వనివారిపై ఏం చర్య తీసుకున్నారు? ఎవరూ లేని వికలాంగుల కోసం గార్డియన్‌గా ఉంటామని స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల పేర్లు రాసుకునే రిజిస్టరు మీ దగ్గర ఉందా? ఉంటే అందులో మొదటి పేజీ నకలు ఇప్పించండి.

ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. "సదరు సమాచారం ఈ కార్యాలయమునందు అందుబాటులో లేదు, జిల్లా సంక్షేమ శాఖకు బదిలీ చేయడమైనది" అని వస్తే కంగారు పడకండి. సంక్షేమ శాఖ ఆఫీసు అదే కాంపౌండులో ఉంటుంది. వాళ్లు మీ దరఖాస్తును మళ్లీ కలెక్టరేటుకే పంపుతారు. రెండు ఉత్తరాలూ జాగ్రత్తగా దాచి, మొదటి అప్పీలుకు జతచేయండి.